నాలుగు బోల్టులు, పసుపు గీతలు

1987 మార్చి 19వ తేదీన లాలం దొరబాబు నాకొక మాట ఇచ్చాడు. తొమ్మిది రోజులకి ఆ మాట తప్పాడు. నా పేరు కంటే ముందు ఇది రాయమని అడిగాను. ముందు పేరు, వయసు చెప్పాలని మేజిస్ట్రేటమ్మ గారు అన్నారు. అప్పటికే గుమాస్తా గారు రాసేశారు కాబట్టి కొట్టివేయవద్దని వేడుకున్నాను. ఉండనిచ్చారు.

నా పేరు సుర్ల ఎర్రన్న. తండ్రి కీర్తిశేషులు అప్పలస్వామి. వయసు 72 సంవత్సరాలు. వృత్తి గ్యాస్ వెల్డింగు, సైలెన్సర్ల పని. నివాసం నాతవరం మండలంలో, నర్సీపట్నం నుంచి నాతవరం వెళ్ళే రోడ్డు పక్కన. షాపు నర్సీపట్నం తుని రోడ్డులో. షాపు లైసెన్సు నా కూతురు రోజారమణి పేరు మీద ఉంది. ఆమె వయసు 39. ఈ కేసులో ఆమె రెండో ముద్దాయి. మొదటి ముద్దాయి కారు నడిపిన లాలం వీరేంద్ర. అతను దొరబాబు మనవడు.

నేను చెప్పే మాటలు నా మీదనే తిరగవచ్చని, చెప్పి తీరాలన్న నిర్బంధం లేదని మేజిస్ట్రేటు గారు వివరించారు. ఆలోచించుకోమని బయట బెంచీ మీద గంటసేపు కూర్చోబెట్టారు. ఆ నిబంధన నాకు తెలుసు. ఊళ్ళో లైబ్రరీలో ముప్పై ఏళ్ళుగా చదువుతున్నాను. చరిత్ర, రసాయన శాస్త్రం, రష్యా నవలలు, చట్టం, ఏది దొరికితే అది. వెనకటికి పంచదార మిల్లులో నాతో పనిచేసినవాళ్ళు నన్ను పంతులని ఎగతాళి చేసేవారు. గంట అక్కర్లేదు, నాలుగు రోజులుగా ఆలోచిస్తూనే ఉన్నానని మనవి చేశాను. అయినా కూర్చోమన్నారు. కూర్చున్నాను.

జనవరి 27 సోమవారం ఉదయం వీరేంద్ర బూడిద రంగు కారుతో మా షాపుకి వచ్చాడు. చూడటానికి చిన్న కారే గాని, కంపెనీవాళ్ళు వేగం కోసమే ప్రత్యేకంగా చేసిన రకం. ఇంజనులోకి గాలిని దట్టించే టర్బో ఉంది. అంత ఇంజను పెట్టి, వెనక పొగ పోయే దారి మాత్రం ఇరుకు చేశారు. శబ్దం తగ్గాలి, ఖర్చు తగ్గాలి, నాలుగు దేశాల చట్టాలకీ సరిపోవాలి. మనిషిని పరుగెత్తమని చెప్పి ముక్కు సగం మూసినట్టు ఉంటుంది. ఆ దారి వెడల్పు చేయమని అతను అడిగాడు. వివరాలు అడిగి జాబు కార్డు రాసింది రోజారమణి. సాయంత్రం ఆ కార్డు మీద ఇంటిపేరు, తాత పేరున్న చిరునామా చదివి, వాడెవరి మనవడో తెలుసుకున్నాను. పని వద్దనలేదు. ట్రాక్టర్ సైలెన్సర్లకి అతుకులు వేసుకుంటూ బతికిన ఇరవై ఏళ్ళలో, బుర్రకి పని పెట్టిన బేరం అదొక్కటే.

పొగని శుద్ధి చేసే డబ్బా ఒకటి ఆ కారు కింద ఉంటుంది. దాన్ని ముట్టుకోబోమని, తీస్తే చట్టవిరుద్ధమని రోజారమణి మొదటే చెప్పింది. మేము మార్చింది దాని వెనక గొట్టం. పొగకి మెట్టు గిట్టదు. గొట్టం లోపల అతుకు దగ్గర గోరు తగిలేంత మెట్టున్నా పొగ అక్కడ సుడి తిరిగి, వెనక వచ్చేదాన్ని ఆపుతుంది. కంపెనీ గొట్టంలో అలాంటి మెట్లు మూడు, నొక్కుకుపోయిన వంపులు రెండు ఉన్నాయి. రెండంగుళాల గొట్టం తీసి రెండున్నర అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం వేశాం. వంపు దగ్గర చప్పిడి కాకుండా లోపల ఇసుక దట్టించి, రెండు మూతులూ బిగించి, కాల్చి వంచాలి. ఏటికొప్పాక దగ్గర వరాహ నదిలో ఇసుక సన్నగా ఉంటుంది. దాన్ని పెనం మీద వేయించి, చెమ్మ పూర్తిగా పోయాకే గొట్టంలో పోయాలి. చెమ్మ మిగిలితే గొట్టం బాంబులా పేలుతుంది. ఇది నేను మిల్లులో నేర్చిన విద్య. రోజారమణికి నేర్పాను. అతుకుల లోపలి అంచుని ఆమె రెండు రోజులు ఆకురాయితో రాసింది. చిటికెన వేలు పెట్టి తడిమితే ఎక్కడ అతికిందో నాకే తెలియలేదు. ఆడపిల్లకి వెల్డింగేటని అన్న బంధువులు ఇప్పుడు సంతోషంగా ఉండి ఉంటారు. వాళ్ళ పేర్లు కావాలంటే చెబుతానన్నాను. అక్కర్లేదన్నారు.

పొగ ధారాళంగా పోయేకొద్దీ గొట్టానికి వేడి పెరుగుతుంది. పైగా లావు గొట్టం నేల వైపు రెండు వేళ్ళు కిందకి దిగింది. వేడి నేలకి తగలకుండా కంపెనీ పెట్టిన రేకు దానికి పట్టలేదు. రోజారమణి కొత్త రేకు కొట్టి, గొట్టానికి వేలెడు ఎడంగా, నాలుగు బోల్టులతో బిగించింది. షాపులో దాన్ని షీల్డు అంటాం. బిగించాక ప్రతి బోల్టు తల మీద నుంచి రేకు మీదకి పసుపు పెయింటుతో ఒక గీత గీసింది. తర్వాత బోల్టు కదిలితే గీత విరిగి తెలిసిపోతుంది. ఈ పద్ధతి మా షాపులో పెట్టినవాణ్ణి నేను. ఎందుకు పెట్టానో చెప్పాలంటే 1987 గురించి చెప్పాలి. క్లుప్తంగా చెప్పమన్నారు.

అప్పుడు నేను, దొరబాబు ఒక పంచదార మిల్లులో వెల్డర్లం. ఒకే గదిలో ఉండేవాళ్ళం. బాయిలరు పొగ పోయే పెద్ద గొట్టానికి ఎనిమిది బోల్టుల మూత ఉంటుంది. మార్చి 19 ఉదయం షిఫ్టులో దొరబాబు ఆ మూత తీసి, తిరిగి పెట్టినప్పుడు రెండు బోల్టులే బిగించి టీకి వెళ్ళాడు. ఎవరికీ చెప్పలేదు. బాయిలరులోకి గాలి ఊదే బ్లోయరు వేశారు, మూత ఊడింది. నేను మూత ముందున్నాను. నా ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. ఆసుపత్రిలో నా మంచం పట్టె పట్టుకుని ఏడ్చాడు. "నిజం సెప్పేత్తాను ఎర్రన్నా, తలుపులమ్మ తల్లి మీద ఒట్టు" అన్నాడు. మార్చి 28న విచారణ జరిగింది. బోల్టులు ఎవరు తీశారని అడిగితే "నాకు తెల్దు" అన్నాడు. నిర్లక్ష్యం నాదని తేల్చి నన్ను తీసేశారు. అతను రెండేళ్ళలో సూపర్‌వైజరు అయ్యాడు, తర్వాత కాంట్రాక్టరు అయ్యాడు. నా భార్య చిలకమ్మ బతికున్నంత కాలం, ఆ రెండు ముక్కలు మరిచిపొమ్మని బతిమాలేది. మరిచిపోలేదు. పెద్దాయనా, విషయానికి రండి అని మేజిస్ట్రేటు గారు అన్నారు. వస్తున్నాను.

ఫిబ్రవరి 7 శుక్రవారం సాయంత్రం 5 గంటలకి కారు ఇచ్చేశాం. షీల్డు లేకుండా బండి నడపరాదని జాబు కార్డు మీద రోజారమణి రాసింది. వీరేంద్ర కింద సంతకం పెట్టాడు.

మర్నాడు, ఫిబ్రవరి 8 శనివారం, ఉదయం 8 గంటలకి నేను మా ఊరి దగ్గర బుజ్జిబాబు షేర్ ఆటో ఎక్కాను. రోజారమణి తెల్లవారగానే గ్యాస్ సిలిండరు మార్చుకోవడానికి అనకాపల్లి వెళ్ళింది. మా ఊరు దాటిన అర కిలోమీటరులో మా ఊరి రైతు అప్పలకొండమ్మ ఉలవ చెట్లు కోసి తెచ్చి రోడ్డు మీద పరిచింది. మా వైపు ఉలవలు, మినుములు, నువ్వులు అలాగే పరుస్తారు. వచ్చే పోయే బండ్లు తొక్కుతాయి, గింజ రాలుతుంది, పొట్టు ఎగరేస్తారు. బుజ్జిబాబు ఆటో నెమ్మది చేస్తే ఆమె కర్ర పట్టుకుని అడ్డం వచ్చింది.

"పెళ్ళికూతుర్ని తీసుకెల్తన్నట్టు ఎల్తావేట్రా? గట్టిగా తొక్కీ. గింజ రాలాల."

"తొక్కితే కూలేటిస్తావు పిన్నీ?"

"ఉలవసారు పోత్తాను, నీ మొకం."

తర్వాత నన్ను చూసి, తన కళ్ళజోడు తీసి ఇచ్చింది. కాడ విరిగిపోయింది. సాయంత్రం వచ్చేటప్పుడు అతికించి తెమ్మంది. జేబులో పెట్టుకున్నాను. ఇవన్నీ ఎందుకని గుమాస్తా గారు అడిగారు. ఆ రోడ్డు మీద ఆ రోజు ఎండు ఉలవ చెత్త పరిచి ఉందని నాకు తెలుసు. ఎవరో చెప్పగా తెలిసింది కాదు. దాని మీదుగా వచ్చినవాణ్ణి. అందుకు.

ఉదయం 10 గంటల 40 నిమిషాలకి కారు మా షాపు ముందు ఆగింది. వీరేంద్ర దిగాడు. పక్క సీట్లో దొరబాబు ఉన్నాడు. మోకాళ్ళ నొప్పుల వల్ల దిగలేదు. అద్దం దించాడు. ముప్పై ఏడేళ్ళ తర్వాత నా షాపుకి రావడం అదే మొదలు. "ఏటి ఎర్రన్నా, ఇంకా గొట్టాలు పట్టుకునే ఏలాడతన్నావేటి?" అన్నాడు. 

వేగం పెంచితే కింద రేకు డబ్బాలా మోగుతోందని, స్నేహితులు నవ్వుతున్నారని, దాన్ని తీసేయమని వీరేంద్ర అడిగాడు. అది బోల్టుల కింద వేసే వాషరు లోపం. రోజారమణి అనకాపల్లి నుంచి వాషర్లు తెస్తోంది. సాయంత్రం రమ్మని, పది నిమిషాల పనని, రేకు మాత్రం తీయకూడదని చెప్పాను. ఈ మాట నేను చెప్పాను. ఇక్కడితో ఆగి ఉంటే ఈ రోజు నేనిక్కడ ఉండేవాణ్ణి కాదు.

దొరబాబు కిటికీలోంచి అన్నాడు. "కూతురొచ్చేదాకా నీసేత ఏటీ అవ్వదేటి? పోనీలేరా వీరేంద్రా, ఆడికి బోల్టులంటే బయ్యం."

నవ్వుతూ అన్నాడు. నా ఎడమ చేతి వైపు చూసి అన్నాడు.

నేను స్పానరు తీసుకున్నాను. బండి కింద నిలబడి పనిచేసే గుంట మీదకి కారుని ఎక్కించమన్నాను. కిందకి దిగి నాలుగు బోల్టులూ తీశాను. పన్నెండు నిమిషాలు పట్టింది. నాలుగు బోల్టులూ నేనే తీశాను. మూడోది బిగుసుకుపోతే సుత్తితో కొట్టాను. పసుపు పెయింటు రాలి కంట్లో పడింది. రేకు తెచ్చి దొరబాబుకి కనబడేలా గోడకి ఆనించాను. వీరేంద్ర ఇంజను పెంచి విని, ఇప్పుడు బాగుంది తాతగారూ అన్నాడు. చాలా బాగుంది. ఏ అడ్డూ లేకుండా, గొంతు విప్పినట్టు వినిపించింది. ఆ శబ్దం విని నాకు గర్వం కలిగింది. ఇది కూడా రాయమంటున్నాను.

"తాండవ రిజర్వాయరు దాకా ఎల్లొత్తాం" అన్నాడు దొరబాబు. తాండవకి దారి నాతవరం మీదుగా. దారిలో ఉలవలు. ఎండు చెత్త పైన వెళ్ళొద్దని, గొట్టానికి చుట్టుకుంటే అంటుకుంటుందని చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? మాట నోటి దాకా వచ్చింది. నోట్లోనే ఉంచుకున్నాను. మర్చిపోలేదు. తెలియక కాదు. అప్పుడు సమయం 11 గంటల 5 నిమిషాలు. గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాను.

తర్వాత జరిగింది నేను కళ్ళతో చూడలేదు. తిరుగు ట్రిప్పులో అక్కడున్న బుజ్జిబాబు చెప్పగా విన్నాను. అతను ఈ కేసులో సాక్షి. కారు వేగంగా వచ్చి ఉలవల మీదుగా పోయింది. చెత్త కింద చిక్కుకుంది. పొగ వాసన రాగానే వీరేంద్ర బ్రేకు వేశాడు. ఆపిన చోటు అప్పలకొండమ్మ వేసిన ఉలవ చెత్త కుప్ప పక్క. ముందు కారు అంటుకుంది, తర్వాత కుప్ప. వీరేంద్ర దూకి పరుగెత్తాడు. దొరబాబు మోకాళ్ళు పట్టేసి సీట్లోనే ఉండిపోయాడు. తలుపు తీసి, చంకల కింద చేతులు వేసి అతన్ని లాగింది అప్పలకొండమ్మ. ఆమె చీర అంటుకుంది. కళ్ళజోడు లేదు కాబట్టి మంట ఎంత దగ్గరగా ఉందో ఆమెకి తెలిసిందో లేదో నాకు తెలియదు. నలభై శాతం కాలిన గాయాలతో విశాఖలో పెద్దాసుపత్రిలో ఉంది. దొరబాబుకి కనుబొమలు మాత్రమే కాలాయి.

మధ్యాహ్నం ఒంటిగంటకి బుజ్జిబాబు ఫోను చేశాడు. నేను గోడకి ఆనించి ఉన్న రేకునీ నాలుగు బోల్టులనీ గోనెలో చుట్టి, వెనక పాత ట్రాక్టర్ సైలెన్సర్ల కుప్ప కింద పెట్టాను. నన్నెవరూ పెట్టమనలేదు. సాయంత్రం 4 గంటలకి రోజారమణి వచ్చింది. వార్త అప్పటికే ఆమెకి తెలుసు. సంచీ కింద పెట్టకుండానే అడిగింది.

"నాన్నా, షీల్డేదీ?"

"నాకు తెల్దు" అన్నాను.

ఆదివారం ఉదయం మళ్ళీ అడిగింది. నాకు తెలియదన్నాను. షాపంతా వెతికింది. వాళ్ళే దారిలో తీసి పారేసి ఉంటారంది. అయి ఉండొచ్చన్నాను. ఆ పగలు కూర్చుని అప్పలకొండమ్మ కళ్ళజోడుకి కాడ అతికించాను. సోమవారం ఉదయం పదిన్నరకి నాతవరం నుంచి పోలీసులు వచ్చారు. దొరబాబు ఇచ్చిన వాంగ్మూలంలో, షీల్డు గురించి కార్డు మీద రాశారే తప్ప కారుకి బిగించలేదని, శనివారం తాము షాపుకి రాలేదని ఉందట. వచ్చామంటే, తీయమని అడిగింది మనవడని తేలుతుంది. అందుకని రాలేదన్నాడు. లైసెన్సు ఎవరిదని పోలీసులు అడిగారు. నాదే అంది రోజారమణి. చెప్పులు వేసుకుంటూ మూడోసారి నా వైపు తిరిగింది. "నాన్నా, షీల్డ్" అని ఆగిపోయింది. నా చేతుల వైపు చూస్తోంది. కుడి చేతి రెండు గోళ్ళ సందుల్లో పసుపు పెయింటు ఉంది. రెండు రోజులుగా ఉంది. నేను చూసుకోలేదు.

 బీపీ మాత్ర వేసుకోమని చెప్పి వాళ్ళతో వెళ్ళింది. స్టేషనులో షీల్డు నేను బిగించాను అన్నది తప్ప ఇంకో మాట లేదట. తర్వాత అదేమైందంటే తల వంచుకుని ఊరుకుంటోందట. ఆమె ఎవరిని కాపాడుతోందో నాకు తెలుసు. మంగళవారం నేను స్టేషనుకి వెళ్ళి చెప్పాను. విన్నారు. కూతురి కోసం తండ్రి అలాగే చెబుతాడు, కోర్టులో చెప్పుకొమ్మన్నారు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. లాయరు ద్వారా అర్జీ పెట్టుకుని ఈ రోజు, ఫిబ్రవరి 12 బుధవారం, ఇక్కడికి వచ్చాను.

నా మాట నమ్మనక్కర్లేదు. రేకు తెచ్చాను. గోనె విప్పి బల్ల మీద పెట్టాను. నాలుగు రంధ్రాల చుట్టూ నాలుగు సగం గీతలున్నాయి. మిగతా సగాలు ఈ బోల్టుల తలల మీద ఉన్నాయి. మూడో దాని మీద సుత్తి దెబ్బ ఉంది. రేకు లోపలి వైపు వేడికి నీలం తిరిగింది. కారుకి బిగించి నడపకపోతే ఆ రంగు రాదు. కారు కాలిపోయినా, రేకు పట్టే ఉక్కు పట్టీలు దాని కింద ఉంటాయి. వాటి రంధ్రాల మీద దీన్ని పెట్టి చూడమని కోరుతున్నాను. సరిగ్గా కూర్చుంటుంది. నా కూతురి కొలత తప్పదు. అప్పలకొండమ్మకి ఏమైనా అయితే కేసు ఇంకా పెద్దదవుతుందని లాయరు అన్నారు. అందుకని ఈ రోజే చూడమని కోరుతున్నాను. రేపు కాదు. అమ్మా, ఈ రోజే.

కళ్ళజోడు కూడా బల్ల మీద పెట్టాను. అది కేసుకి సంబంధించిన వస్తువు కాదని మేజిస్ట్రేటు గారు తిరిగి ఇచ్చేశారు. ఎవరికి ఇవ్వాలో అడిగాను. ఆవిడ తర్వాతి ప్రశ్నకి వెళ్ళారు.

ఎవరైనా బెదిరించి చెప్పిస్తున్నారా అని అడిగారు. లేదు. ఆశ చూపారా అని అడిగారు. లేదు. ఎవరి మీదనైనా పగతో చెబుతున్నారా అని అడిగారు. ఉందన్నాను. అయితే ఈ వాంగ్మూలం విలువ తగ్గుతుందని హెచ్చరించారు. తగ్గనివ్వండి. నాలుగు బోల్టులూ నేనే తీశాను, దారి సంగతి తెలిసీ చెప్పలేదు, రేకు నేనే దాచాను, నా కూతురికి రెండు రోజులు అబద్ధం చెప్పాను. వీటిలో ఒక్క దాన్ని కూడా పగ చేయించిందని నేను తప్పించుకోవడం లేదు. చేసినవాణ్ణి నేను. నన్ను లోపల పెట్టి రోజారమణిని ఇంటికి పంపమని ప్రార్థన.

పైన రాసినది నాకు చదివి వినిపించారు. నా కళ్ళతో నేనూ చదువుకుని, మూడు చోట్ల అక్షరాలు దిద్దించాను. నేను చెప్పినది చెప్పినట్టే ఉంది. ఇదంతా నిజం. ఎడమ బొటనవేలి ముద్ర కూడా వేయమన్నారు. 1987 తర్వాత ఆ వేలికి చారలు లేవు, సిరా మచ్చ తప్ప ఏమీ పడదని చూపించాను. మచ్చే వేయమన్నారు. వేశాను. సంతకానికి ముందు ఒక్క వాక్యం కలపమని అడిగాను. అవసరం లేదని మేజిస్ట్రేటు గారు అన్నారు. నాకు అవసరమన్నాను. రాసుకోమన్నారు. నా చేత్తోనే రాస్తున్నాను. శిక్ష ఎవరికి పడినా, నేను ఇప్పటికీ తప్పు పట్టేది లాలం దొరబాబుని.

(సంతకం) సుర్ల ఎర్రన్న